రంగసముద్రం ఒడ్డున పాత పడవకు కొత్త ప్రాణం

తమిళనాడులో శ్రీరంగం ఉంది. కర్ణాటకలో శ్రీరంగపట్నం ఉంది. మన పాలమూరు సీమలో శ్రీరంగాపూర్ ఉంది. మూడుచోట్లా రంగనాథుడే, మూడుచోట్లా చుట్టూ నీళ్ళే! శేషతల్పం మీద పడుకున్న స్వామికి నీళ్ళ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదేమో అనిపిస్తుంది.

హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్ళే జాతీయ రహదారి మీద 150 పైచిలుకు కిలోమీటర్లు పోతే పెబ్బేరు వస్తుంది. అక్కడ పక్కదారి పడితే కాసేపట్లో శ్రీరంగాపూర్. 2016లో వనపర్తి జిల్లా ఏర్పడ్డాక ఈ ఊరు ఆ జిల్లాలోకి వచ్చింది. ఊళ్ళోకి అడుగుపెట్టగానే మొదట కనిపించేది గోపురం, ఆ వెనక మూడువైపులా కళ్ళు పట్టనంత నీరు. ఆ చెరువు పేరే రంగసముద్రం. చెరువుకి సముద్రమని పేరు పెట్టడం మన పెద్దవాళ్ళకి అలవాటే గానీ, ఇక్కడ ఆ పేరు అతిశయోక్తి అనిపించదు. ఇప్పుడు భీమా ఎత్తిపోతల పథకంలో దీన్ని రిజర్వాయరుగా కూడా వాడుతున్నారు. కృష్ణమ్మ నీళ్ళు పైకెక్కి వచ్చి రంగనాయకస్వామి పాదాల దగ్గర ఆగుతున్నాయన్నమాట.

స్థలపురాణం ప్రకారం శ్రీకృష్ణదేవరాయలు శ్రీరంగం వెళ్ళి మురిసిపోయి, తన రాజ్యంలో కూడా అలాంటి గుడి కట్టాలనుకున్నాడట. స్వామి కలలో కనిపించి తన విగ్రహం ఉన్న చోటు చెప్పాడట. ఒక గద్ద ముందు ఎగురుతూ దారి చూపిందట. ఇప్పుడు మనం చూసే ఆలయాన్ని మాత్రం 18వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశులు కట్టించారు. సినిమావాళ్ళకి కూడా ఈ గుడి, ఈ చెరువు బాగా పరిచయం.

గుడి గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈసారి గుడిగోడ అవతల, నీళ్ళ మీద తేలుతున్నవాటి గురించి చెప్పుకుందాం. అవి పడవలు. పడవ పాతబడితే ఎవరు బాగుచేస్తారు? విరిగిన ముక్కకి ముక్క ఎక్కడ దొరుకుతుంది? మన ఇంట్లో కుట్టుమిషను చెడిపోతే షటిల్ దొరక్క బజారంతా తిరుగుతామే, సరిగ్గా అలాంటి తిప్పలే ఇవీ. ఒక్కటే తేడా. కుట్టుమిషను ఆగితే జాకెట్టు ఆగుతుంది. పడవ నడి నీటిలో ఆగితే ప్రాణాలే ఆగిపోతాయి.

బుట్టలాంటి పడవ

ఈ ప్రాంతంలో పడవ అంటే ముందు చెప్పుకోవాల్సింది పుట్టి. గుండ్రంగా, పెద్ద వెదురు బుట్టలా ఉంటుంది. వెదురు బద్దలు చీల్చి అడుగుభాగం చాపలా అల్లుతారు. అంచులు పైకి వంచి, చుట్టూ లావుపాటి వెదురు కట్ట బిగిస్తారు. ఒకప్పుడు దానికి పశువుల తోలు తొడిగేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా చుట్టి పైన తారు పూస్తున్నారు. పుట్టికి ముందూ వెనకా ఉండవు. మామూలు పడవలో తెడ్డుతో నీటిని వెనక్కి తోస్తే, ఇందులో మనిషి ముందుకి వంగి నీటిని తనవైపు లాక్కుంటాడు. పుట్టి గిరగిరా తిరుగుతూనే ముందుకి పోతుంది. మొదటిసారి ఎక్కినవాళ్ళకి కళ్ళు తిరగడం ఖాయం!

ఇది నిన్నటి వింత కాదు సుమా. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పేస్ ఈ పుట్టుల గురించి రాసిపెట్టాడు. బుట్టలా గుండ్రంగా ఉంటాయనీ, పదిహేను ఇరవైమందిని మోస్తాయనీ, తిన్నగా పోకుండా తిరుగుతూ పోతాయనీ ఆశ్చర్యపోయాడు. 1803లో మరాఠాల మీదికి సైన్యం నడిపించిన ఇంగ్లీషు సేనాని ఆర్థర్ వెల్లెస్లీ కూడా ఏళ్ళు దాటడానికి ఇలాంటి బుట్టపడవలే చేయించుకున్నాడు. తర్వాత 1815లో వాటర్లూ దగ్గర నెపోలియన్ని ఓడించిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ ఆయనే! అంత పేరున్నవాడు మన వెదురు బుట్టను నమ్ముకున్నాడంటే గొప్పే కదా.

దత్తభక్తులకి పుట్టి గురించి వేరే చెప్పక్కర్లేదు. పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభులు తపస్సు చేసిన కురుపురం కృష్ణా నది మధ్యలో లంక. మక్తల్ వైపు పంచదేవపహాడ్ నుంచి వెళ్ళే భక్తులు పుట్టి ఎక్కే అక్కడికి చేరడం ఆనవాయితీ. గద్వాల దగ్గర గుర్రంగడ్డ అనే లంక ఊరుంది. ఆ ఊరివాళ్ళకి బడికైనా, ఆసుపత్రికైనా, పురిటికైనా ఏళ్ళ తరబడి నది దాటడమే దారి. మనం సరదాకి ఎక్కే పుట్టి వాళ్ళకి బస్సు, ఆటో, అంబులెన్సు అన్నీను.

రంగసముద్రం గట్టు దిగువన ఒక పెద్దాయన పుట్టిని బోర్లించి తారు పూస్తుంటే కాసేపు ఆగాం.

"ఇది ఎన్నేళ్ళు వస్తుంది పెద్దాయనా?"

"చూస్కుంటె వస్తదమ్మా. చూస్కోకుంటె ఏడాదికే పోతది."

"ఇంత కష్టపడే బదులు కొత్తది కొనుక్కోకూడదా?"

ఆయన నవ్వాడు. "కొత్తదైనా మల్ల చూస్కోవాల్నే గదమ్మా! ఎదురు దొర్కుతది, తారు దొర్కుతది. కూసోని అల్లెటోడే దొర్కుతలేడు."

ఎంత చిన్న మాట! పాత వస్తువుని బతికించుకోవాలనుకునే వాళ్ళందరి కష్టమూ ఆ ఒక్క మాటలో ఉంది. ముక్క కోసం వెతకడం ఒక ఎత్తు, ముక్కని అతకడం తెలిసిన చెయ్యి కోసం వెతకడం ఇంకో ఎత్తు.

నీళ్ళొచ్చాయి, మోటారు పడవలొచ్చాయి

పుట్టి నుంచి మోటారు పడవ దగ్గరికి రావాలంటే శ్రీరంగాపూర్ నుంచి తూర్పుగా కొల్లాపూర్ వైపు వెళ్ళాలి. అక్కడ సోమశిల దగ్గర కృష్ణ ఇక నదిలా ఉండదు, శ్రీశైలం జలాశయమై నల్లమల కొండల మధ్య పరుచుకుని ఉంటుంది. 1980ల మొదట్లో ఈ నీళ్ళు నిండినప్పుడు ఎన్నో ఊళ్ళు మునిగాయి, దారులు మునిగాయి. ఒకప్పుడు బండిమీద వెళ్ళిన పక్క ఊరికి పడవ మీద వెళ్ళాల్సివచ్చింది. అంత వెడల్పు నీటికి తెడ్డు చాలదు. అందుకే ఇంజను బిగించిన పడవలు వచ్చాయి.

ఆ ముంపు రోజుల్లోనే ఈ సీమవాళ్ళు పాతదాన్ని విప్పి మళ్ళీ నిలబెట్టడమంటే ఏమిటో కళ్ళారా చూశారు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి దగ్గర చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం ఉండేది. దాన్ని రాయి రాయి విప్పదీసి, అలంపురం తీసుకొచ్చి మళ్ళీ పేర్చారు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండేదో గుర్తు పెట్టకపోతే అది గుడి అయ్యేదా, రాళ్ళకుప్ప అయ్యేదా? పాత పడవ బాగుచేసేవాడు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం కూడా అదే.

సోమశిల నుంచి పడవ మీద అవతలి ఒడ్డుకు వెళ్తే సప్తనదీ సంగమేశ్వరం. ఈ గుడిని మాత్రం కదిలించలేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలోనే ఉండి, వేసవిలో నీరు తగ్గాక బయటపడుతుంది. అక్కడి శివలింగం రాతిది కాదు, వేప కొయ్యదని ప్రసిద్ధి. మరి అన్ని నెలలు నానితే కొయ్య కుళ్ళదా? భక్తులు మహిమ అంటారు. వడ్రంగులు ఇంకో మాట కూడా చెబుతారు. కర్రని తినే బూజుకి తడీ కావాలి, గాలీ కావాలి. పూర్తిగా నీట మునిగిన కర్రకి గాలి తగలదు కాబట్టి త్వరగా చెడదు. తడుస్తూ ఆరుతూ ఉండే కర్రే ముందు కుళ్ళుతుంది. ఈ రహస్యం పడవకి ప్రాణం లాంటిది. పడవ అడుగున నీళ్ళలో ఉండే పలకకంటే, లోపల వాననీళ్ళు నిలిచే మూలలూ, నీటిమట్టానికి కాస్త పైన ఉండే అంచులూ ముందు పాడవుతాయి. పడవని బయటనుంచి చూసి "బాగానే ఉందే" అనుకోకూడదన్నమాట.

విప్పేముందు ఆగండి

పాత చెక్క మోటారు పడవ ఒకటి ఒడ్డున పడి ఉందనుకోండి. రంగు పెచ్చులూడిపోయి, ఇంజను తుప్పుపట్టి, పలకల మధ్య వెలుతురు కనిపిస్తూ ఉంటుంది. దాన్ని మళ్ళీ నీళ్ళమీద నడిపించాలంటే ఏం చేయాలి?

ఉత్సాహం కొద్దీ వెంటనే పలకలన్నీ ఊడబెరకడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పలకలన్నీ ఊడదీస్తే పడవ ఒళ్ళు సాగిపోయి, అసలు వంపే పోతుంది. ముందు అడుగు దూలం కింద, పక్కల కింద సమంగా దిమ్మలు పెట్టి నిలబెట్టాలి. తర్వాత ప్రతి ముక్కకీ నంబరు వేయాలి, ఫోటో తీయాలి. ఒక పలక తీసి, దాని చోట కొత్తది బిగించాకే రెండో పలక జోలికి పోవాలి. కుళ్ళిన పాత పలకని పారేయకూడదు. కొత్త పలక కోసుకోవడానికి అదే అచ్చు. పాత జాకెట్టు విప్పి కొత్త జాకెట్టు కొలత తీసుకుంటామే, అలాగే.

ఏ కర్ర బాగుంది, ఏది చెడింది అని తెలుసుకోవడానికి యంత్రాలేం అక్కర్లేదు. సన్నని ఆర గానీ స్క్రూడ్రైవరు గానీ తీసుకుని గుచ్చిచూడటమే. గట్టి కర్ర ఎదురుతిరుగుతుంది, చెడిన కర్ర మెత్తగా దిగనిస్తుంది. సుత్తితో తట్టినా తెలుస్తుంది. మంచి కర్ర ఖంగుమంటుంది, పుచ్చుకర్ర బొదబొదమంటుంది. కుండ కొనేటప్పుడు మనం తట్టిచూడమూ!

పలకలకి టేకు మంచిది. నీటిని తట్టుకుంటుంది, తడికీ ఎండకీ పెద్దగా వంకర పోదు. కానీ పడవ లోపల పక్కటెముకల్లాగా వంపు తిరిగిన కర్రలుంటాయి. వాటిని తిన్నని దుంగలోంచి కోస్తే కర్ర పోగు మధ్యలో తెగి, దెబ్బ తగలగానే విరిగిపోతుంది. అందుకే పడవలు కట్టేవాళ్ళు తుమ్మచెట్టు దగ్గరికి వెళ్ళి, సరిగ్గా కావాల్సినంత వంపు తిరిగిన కొమ్మ కోసం వెతుకుతారు. పొలంగట్టున పనికిమాలిందని మనం అనుకునే వంకర తుమ్మ వాళ్ళ కంటికి బంగారం. అమెరికా, ఐరోపాల్లో అయితే కర్రని ఆవిరి పెట్టెలో ఉడికించి వంచుతారు. అంగుళం మందానికి గంటసేపు ఆవిరి పట్టాలని వాళ్ళ లెక్క. మన కుడుముల పని లాంటిదే, కాకపోతే కాస్త పెద్ద గిన్నె!

పలక మొత్తం కాకుండా ఒక చివర మాత్రమే చెడితే? ఆ మేరకు కోసి కొత్త ముక్క అతుకుతారు. ఆ అతుకు నిలువుకోత అయితే ఊడిపోతుంది. పలక మందానికి ఎనిమిది నుంచి పన్నెండు రెట్ల పొడవున ఏటవాలుగా చెక్కి, పాతా కొత్తా ఒకదాని మీద ఒకటి పడుకునేలా అతకాలి. గద్వాల చీర కట్టుకునే వాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. నూలు ఒళ్ళు వేరు, పట్టు అంచు వేరు. రెంటినీ పోగుకి పోగు మెలివేసి కలుపుతారు కాబట్టే ఏళ్ళు గడిచినా అంచు ఊడదు. అతుకు పెట్టినట్టు చెబితే తప్ప తెలియదు. మంచి పడవ వడ్రంగి పని కూడా గద్వాల మగ్గం పని లాంటిదే.

మేకుల సంగతి ఇంకో తంటా. ఇనుప మేకు తుప్పుపడితే తానొక్కటే పోదు, చుట్టూ ఉన్న కర్రని నల్లగా మార్చి తినేస్తుంది. అందుకే నీళ్ళలో మునిగే చోట రాగివో, కంచువో వాడటం మేలు. ఇత్తడి చూడటానికి అందంగా ఉన్నా నీటి అడుగున పనికిరాదు. అందులోని జింకు మెల్లగా కరిగిపోయి, మేకు బెల్లంముక్కలా పొడిపొడి అవుతుంది. ఇత్తడి మీద మనకెంత మమకారం ఉన్నా దాన్ని పైభాగంలో కొక్కేలకీ, కమ్మీలకీ పరిమితం చేయాలి.

ఇక పలకల సందులు. వాటిలో నూలు దూదిని పేనిన వత్తిలా చేసి, మొద్దు ఉలితో కూరుతారు. దీపారాధనకి వత్తులు చేసే చేతులకి ఈ పని సులువుగా పట్టుబడుతుందేమో! దానిపైన గుగ్గిలం నూనెలో కరిగించి పూయడం మన దేశంలో పాత పద్ధతి. ఇంట్లో ధూపం వేసే గుగ్గిలమే ఏట్లో పడవని కాపాడుతుంది. దూదిని మరీ బిగించి కూరకూడదు. ఎందుకంటే కర్ర నీళ్ళలో పడగానే ఉబ్బుతుంది. సందు మరీ బిగుతుగా ఉంటే పలకలే ఒకదాన్నొకటి తోసుకుని మేకులు లేచిపోతాయి. బాగుచేసిన పడవని నీళ్ళలో దించిన మొదటిరోజు కాస్త ఊరుతూనే ఉంటుంది. దాన్ని చూసి కంగారుపడక్కర్లేదు. ఒకటి రెండు రోజులు నీళ్ళు తోడుతూ ఉంటే కర్ర ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయి. ఆ తర్వాత కూడా ఊరుతూ ఉంటేనే లోపం ఉన్నట్టు.

ముక్క కోసం వేట

పడవ ఒళ్ళు బాగుపడింది సరే, గుండె మాట? అంటే ఇంజను. పాత ఇంజనుకి సామాన్లు దొరకడం మహాకష్టం. కానీ ఇక్కడే తెలివిగా వెతకాలి.

అమెరికాలో క్రిస్‌క్రాఫ్ట్ అనే కంపెనీ ఒకప్పుడు మహోగని కర్రతో అందమైన మోటారు పడవలు చేసేది. ఇప్పటికీ వాటిని ప్రాణంలా చూసుకునేవాళ్ళు వేలమంది ఉన్నారు. ఆ పడవ మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబరుకి సరిపడే కార్డు వర్జీనియా రాష్ట్రంలో న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్ళోని మ్యారినర్స్ మ్యూజియంలో భద్రంగా ఉంది. పడవ ఎప్పుడు తయారైంది, ఏ ఇంజను పెట్టారు, ఎవరికి పంపారు వంటి వివరాలు అందులో దొరుకుతాయి. పడవకి జాతకచక్రం అన్నమాట! ముక్క వెతకడం కంటే ముందు నంబరు వెతకాలని దీనర్థం.

ఇంకో కిటుకుంది. ఆ పాత పడవల ఇంజన్లలో చాలావాటికి మూలం పడవ ఇంజను కాదు. కాంటినెంటల్, హెర్క్యులిస్ లాంటి కంపెనీల ఇంజన్ల దిమ్మలనే తీసుకుని, నీళ్ళమీద పనికొచ్చేలా మార్చి పేరు మార్చి అమ్మారు. అవే దిమ్మలు నేలమీద లారీల్లోనూ ట్రాక్టర్లలోనూ తిరిగాయి. అందుకే తెలిసినవాళ్ళు పడవ సామాన్ల కొట్టుకి వెళ్ళరు, పాత ట్రాక్టర్ల దగ్గరికి వెళ్తారు. ముక్క పేరు అడక్కుండా, అది ఇంకా వేటిలో ఉండేదని అడగాలి.

మన దగ్గర కూడా ఇదే కథ. నాటు మోటారు పడవల్లో చాలాచోట్ల ఉండేది పొలాల్లో బావి నీళ్ళు తోడిన డీజిల్ ఇంజను తరహాదే. ఇంగ్లండులో డర్స్‌లీ అనే ఊళ్ళో తయారైన లిస్టర్ ఆయిల్ ఇంజన్లు ఒకప్పుడు ప్రపంచమంతా తిరిగాయి. మన పల్లెల్లో పిండిమరల దగ్గర టకటకలాడిన ఇంజన్లలో అవీ, వాటి నకళ్ళూ ఉన్నాయి. ఆ పాత రకాన్ని ఇంగ్లండులో చేయడం 1980లలోనే ఆపేశారు. గుజరాత్‌లోని రాజ్‌కోట్ కార్ఖానాలు మాత్రం ఆ నమూనాని వదల్లేదు. దాంతో ఇంగ్లండులో పాత లిస్టర్ ఇంజను ఉన్నాయన కూడా ముక్క కోసం మన రాజ్‌కోట్ వైపు చూడాల్సివచ్చింది. పుట్టింట్లో మరిచిపోయిన వంట అత్తింట్లో బతికినట్టు!

హైదరాబాదు జంటనగరాల్లో అయితే రాణిగంజ్ మరల సామాన్లకి, బేరింగులకి, పంపుల విడిభాగాలకి పేరుపడ్డ బజారు. పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్ళడం మంచిది. నోటితో చెప్పిన కొలతకంటే కళ్ళముందున్న ముక్క ఎక్కువ మాట్లాడుతుంది.

ఎక్కడా దొరకని ముక్కలుంటాయి. అప్పుడు చేయించుకోవడమే. విరిగిన ముక్కని అతికించి, దాన్ని చూసి చెక్కతో అచ్చు చేస్తారు. ఆ అచ్చుని ఇసుకలో ఒత్తి, ఆ గుంటలో కరిగిన లోహం పోస్తారు. ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. లోహం చల్లారినప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి అచ్చు అసలు ముక్కకంటే వీసమెత్తు పెద్దగా ఉండాలి. పాత ముక్కనే యథాతథంగా ఇసుకలో ఒత్తి పోత పోయిస్తే, వచ్చేది చిన్నదై కూర్చుంటుంది. తర్వాత లేత్ మిషను మీద నునుపు చేయించాలి.

లేత్ మిషను అనగానే ఈ జిల్లావాళ్ళకి వనపర్తి గుర్తుకురావాలి. శ్రీరంగాపూర్ గుడి కట్టించిన సంస్థానం వారి రాజభవనంలోనే 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. రాజులు కొలువుతీరిన చోట పిల్లలు మరలు తిప్పడం నేర్చుకున్నారు. దొరకని ముక్కని తయారుచేసే చేతులు తయారయ్యేది ఇలాంటి చోటే కదా.

ఇంజను నుంచి బయట నీళ్ళలోని పంకాకి పోయే ఇరుసు పడవలోంచి బయటికి దూరే చోటుంటుంది. అక్కడ నీళ్ళు లోపలికి రాకుండా గ్రీజు పట్టించిన తాడు చుట్టి బిగిస్తారు. కొత్తవాళ్ళు ఒక్క చుక్క కూడా రాకూడదని గట్టిగా బిగించేస్తారు. అది తప్పు. ఇంజను నడిచేటప్పుడు అప్పుడో చుక్క ఇప్పుడో చుక్క కారాలి. ఆ చుక్కే ఇరుసుని చల్లగా ఉంచుతుంది. పూర్తిగా ఎండబెడితే తాడు మాడి, ఇరుసు అరిగి, చుక్క కాస్తా ధార అవుతుంది.

ఇది సరదా పని కాదు

పాత పడవని బాగుచేయడం డబ్బున్నవాళ్ళ ముచ్చట అనుకునేవాళ్ళున్నారు. క్రిస్‌క్రాఫ్టు పడవల విషయంలో అది నిజమే కావచ్చు. కృష్ణ ఒడ్డున మాత్రం కాదు. 2007 జనవరిలో ఈ శ్రీశైలం నీళ్ళలోనే, నెహ్రూనగర్ దగ్గర పడవ మునిగి పదులమంది చనిపోయారు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర విహారానికి వెళ్ళిన పడవ మునిగిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. ప్రమాదానికి కారణాలు ఒక్కోచోట ఒక్కోరకం. ఎక్కడైనా మిగిలేది మాత్రం ఖాళీ అయిన ఇళ్ళే.

ఇంజనుతో నడిచే పడవలకి 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. పడవని రిజిస్టరు చేయాలి, తనిఖీ చేయించాలి, ప్రాణరక్షణ సామగ్రి ఉండాలి. చట్టం కాగితం మీద ఉంటుంది. పలక సందులో దూది ఉందో లేదో చూసేది మాత్రం మనిషే. ఆ మనిషికి పని తెలియాలి, చేసినపనికి కూలి గిట్టుబాటు కావాలి. రెండూ లేకపోతే పాత పడవమీద కొత్త రంగు మాత్రం పడుతుంది.

మన కోస్తాలో కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాల్లో ఒకప్పుడు సముద్రం దాటే చెక్క ఓడలు కట్టారు, ఎక్కడెక్కడి ఓడలకో మరమ్మతులు చేశారు. 1839 నవంబరు తుపాను కోరంగి రేవుని దెబ్బతీసింది. ఒక రేవు పాడైపోవడానికి ఒక రాత్రి చాలు. ఆ పనితనం పోవడానికి మాత్రం అంత తుపాను కూడా అక్కర్లేదు, నేర్పేవాడి దగ్గర నేర్చుకునేవాడు కూర్చోకపోతే చాలు.

మీరు వెళ్ళాలనుకుంటే

శ్రీరంగాపూర్‌కి హైదరాబాదు నుంచి కర్నూలు బస్సుల్లో వచ్చి పెబ్బేరులో దిగవచ్చు. రైల్లో వస్తే మదనాపురం దగ్గరున్న వనపర్తి రోడ్ స్టేషను అనుకూలం. వానలు పడి చెరువు నిండాక, అక్టోబరు నుంచి జనవరి వరకు వెళ్తే బాగుంటుంది. సాయంత్రం గోపురం నీడ నీళ్ళలో పడే వేళ తప్పక చూడాలి. శనివారం వెళ్తే పెబ్బేరు సంత కూడా చూడవచ్చు, పశువుల సంతగా దానికి చాలా పేరు. దగ్గర్లోనే బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి, కృష్ణ వంతెన ఉన్నాయి. గద్వాల వరకు వెళ్తే చీరలు చూడకుండా ఎలాగూ తిరిగిరారు! సంగమేశ్వరం గుడి చూడాలంటే మాత్రం వేసవిలో, గుడి బయటపడిందని కనుక్కుని బయల్దేరాలి. ఎండ ఎక్కువ, గొడుగూ మంచినీళ్ళూ మరవకండి. దారిలో జొన్నరొట్టె, చేపల పులుసు దొరికితే వదలకండి.

పుట్టి గానీ పడవ గానీ ఎక్కేముందు నాలుగు సంగతులు చూడండి. అడుగున నీళ్ళు నిలిచి ఉన్నాయా? ఉంటే ఎందుకున్నాయో అడగండి. లైఫ్‌జాకెట్లు అందరికీ, ముఖ్యంగా పిల్లలకి సరిపడేవి ఉన్నాయా? ఉంటే కట్టుకోండి, ఫోటో పాడవుతుందని విప్పేయకండి. జనం ఎక్కువైతే తర్వాతి పడవకి ఆగండి. గాలి లేచినా మబ్బు పట్టినా ఆ రోజుకి ఒడ్డునుంచే దణ్ణం పెట్టుకోండి, స్వామి ఏమీ అనుకోడు.

ఇంకొక్కటి. ఒడ్డున ఎవరైనా పడవకి దూది కూరుతూనో, పుట్టికి తారు పూస్తూనో కనిపిస్తే పిల్లల్ని అక్కడ కాసేపు నిలబెట్టి చూపించండి. చీరలు నేసేవాళ్ళ గురించి, బొమ్మలు చేసేవాళ్ళ గురించి బళ్ళో చెబుతారు. మనల్ని క్షేమంగా ఒడ్డు చేర్చేవాళ్ళ పని గురించి మనమైనా చెప్పాలి కదా.